మట్టి కప్పితే మొలవని విత్తనం

గడ్డి గులాబీ విత్తనాలు గ్రాముకు దాదాపు 10,000 తూగుతాయి. అరచేతిలో పోసుకుంటే బూడిదరంగు పొడిలా ఉండి ఉక్కులా మెరుస్తాయి. నర్సరీల్లో టేబుల్ రోజ్ అని అమ్మే ఈ మొక్కది దక్షిణ అమెరికా. నేలంతా పరుచుకుని పూస్తుంది.

చిక్కుడు గింజకు చేసినట్టు వేలితో గుంట చేసి, విత్తి, మట్టి కప్పారంటే ఇది దాదాపు మొలవదు. ఇంత చిన్న గింజలో దాచుకున్న ఆహారం ఎంతని? లోతు నుంచి మొలక పైకి రావడానికి అది చాలదు. అందుకే ఇలాంటి విత్తనాలు వెలుతురు కోసం కాచుకుని ఉంటాయి. వెలుతురు తగిలిందంటే పైన మట్టి బరువు లేదన్నమాట. ఆ కబురు అందుకునేది ఫైటోక్రోమ్ అనే వర్ణకం.

చలి శివశివా అంటూ వెళ్ళిపోయాక విత్తుకోవాలి. ఎర్రమట్టిలో సగం ఇసుక కలిపి, ముందే తడిపి ఉంచండి. విత్తనాన్ని పొడి ఇసుకతో కలిపి పైపైన చల్లి, అరచేత్తో మెల్లగా అదమండి. చెంబుతో నీళ్ళు పోస్తే గింజలన్నీ ఓ మూలకు కొట్టుకుపోతాయి. కుండీని నీళ్ళ పళ్ళెంలో పెడితే తడి కిందినుంచి అదే పైకి పాకుతుంది. వారం నుంచి రెండు వారాల్లో మొలకలొస్తాయి. అందాకా పైమట్టి ఆరకూడదు. ఆ తర్వాత మాత్రం ఆరనిచ్చి ఆరనిచ్చి తడపాలి, లేకపోతే నారుకుళ్ళు పట్టుకుంటుంది. కాస్త బలపడ్డాక జానెడు ఎడంతో ఎండలో నాటండి. ఎరువు గురించి బెంగ వద్దు. ఎక్కువైతే ఆకే తప్ప పువ్వుండదు.

ఈ మొక్కల్లో నీళ్ళెక్కువై చచ్చేవే ఎక్కువ. ఎందుకో దీని దగ్గరి చుట్టం మన గంగవాయిలి కూరను చూస్తే తెలుస్తుంది. అది మామూలు రోజుల్లో మొక్కజొన్న పద్ధతిలో బొగ్గుపులుసు వాయువును పట్టుకుంటుంది. నీళ్ళు కరువైతే జెముడు జాతుల్లా రాత్రిపూట పత్రరంధ్రాలు తెరిచి, ఆ వాయువును ఆమ్లంగా దాచుకుంటుంది. ఈ రెండు పద్ధతులూ ఒకే కణాల్లో కలిసి నడుస్తాయని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో చూపించారు. గడ్డి గులాబీకీ ఈ రెండు విద్యలూ వచ్చు. అలాంటి మొక్కకు పూటపూటా నీళ్ళు పోయడం ముద్దుచేసి చంపడమే.

మబ్బు పట్టిన రోజు పూలు విచ్చుకోవు, అది రోగం కాదు. ఎండలో విచ్చిన పువ్వులో కేసరాలను గడ్డిపరకతో తాకి చూడండి, కదిలి ఒక పక్కకు ఒరుగుతాయి. ఆ పూల ఎరుపు మందారం ఎరుపు కాదు, బీట్‌రూట్‌లోని బీటాలెయిన్ల జాతి రంగు.

విత్తనం దాచుకోవాలంటే రేక పూలనే నమ్ముకోండి. కాయ ఎండి గడ్డిరంగుకు తిరిగాక కుంకుమ భరిణె మూతలా పైసగం ఊడిపోతుంది. అంతకుముందే కాగితం పట్టి కోయాలి. ముద్ద పూలలో కేసరాలు చాలావరకు రేకులైపోతాయి కాబట్టి విత్తనం తక్కువ, వచ్చినా తల్లి పోలిక రాకపోవచ్చు. వాటికి వేలెడు కొమ్మ తుంచి ఇసుకలో గుచ్చడమే మేలు.