పాయింట్ల పద్ధతి ద్వారా శాశ్వత నివాసం: కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• పాయింట్ల పద్ధతి ఎలా ఏర్పడిందో చెప్పగలుగుతారు.
• అర్హత పాయింట్లకూ, ర్యాంకింగ్ పాయింట్లకూ గల తేడాను వివరించగలుగుతారు.
• ఒక అభ్యర్థి స్కోరును స్వయంగా లెక్కకట్టగలుగుతారు.
• దరఖాస్తులో తీసుకోవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

విదేశానికి వెళ్ళడం వేరు, అక్కడ స్థిరపడే హక్కు పొందడం వేరు. విద్యార్థి వీసాకూ, ఉద్యోగ వీసాకూ గడువు ఉంటుంది. శాశ్వత నివాస హోదా పొందినవారు ఆ దేశంలో ఉండవచ్చు, నచ్చిన ఉద్యోగం చేసుకోవచ్చు. దీనినే వాడుకలో 'పీఆర్' అంటారు. అయితే వారు ఆ దేశ పౌరులు కారు. కెనడాలో పీఆర్ ఉన్నవారికి ఎన్నికలలో ఓటు హక్కు ఉండదు. హోదా నిలుపుకోవాలంటే ప్రతి ఐదేళ్ళ కాలంలో కనీసం 730 రోజులు ఆ దేశంలో ఉండాలి.

'మీకు పాయింట్లు సరిపోతాయి' అనే మాట కన్సల్టెన్సీలలో తరచుగా వినిపిస్తుంది. ఏ పాయింట్లు, దేనికి సరిపోతాయి అన్నది తెలియకపోతే డబ్బుతోపాటు విలువైన కాలమూ నష్టపోవలసి వస్తుంది. అందువల్ల ఈ లెక్కను మీరే వేసుకోవడం అవసరం.

2. పాయింట్ల పద్ధతి నేపథ్యం

ఒకప్పుడు కెనడా వలసదారులను వారి పుట్టుకను బట్టి ఎంపిక చేసేది. మాతృదేశం నుంచి మధ్యలో ఆగకుండా ప్రయాణించి రావాలన్న నిబంధనను 1908లో తెచ్చి భారతీయుల రాకను అడ్డుకుంది. 1914లో 376 మంది ప్రయాణికులతో వాంకూవర్ చేరిన కొమగాట మారు నౌకలో అత్యధికులను దిగనివ్వకుండా వెనక్కి పంపింది. 1962 నిబంధనలు జాతి వివక్షను చాలావరకు తొలగించాయి. 1967 అక్టోబరు 1 నుంచి పాయింట్ల పద్ధతి అమలులోకి వచ్చింది. విద్య, వయస్సు, వృత్తి, భాష వంటి 9 అంశాలకు కలిపి 100 పాయింట్లు. వాటిలో 50 రావాలి. ఎక్కడ పుట్టారన్న ప్రశ్న స్థానంలో ఏమి చేయగలరన్న ప్రశ్న వచ్చింది.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. అర్హత మార్కు దాటిన ప్రతి దరఖాస్తునూ వరుసక్రమంలో పరిశీలించవలసి రావడంతో లక్షల మంది ఏళ్ళ తరబడి వేచి ఉన్నారు. 2008 ఫిబ్రవరి 27కు ముందు అంది, పరిష్కారం కాని దరఖాస్తులను 2012లో చట్టం ద్వారా రద్దు చేశారు. ఆ తరువాత 2015 జనవరి 1న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ మొదలయింది. ఇందులో 'ముందు వచ్చినవారికి ముందు' అనే సూత్రం లేదు. అర్హులందరూ ఒక పూల్‌లో చేరతారు. ఎక్కువ స్కోరు గలవారికి విడతలవారీగా ఆహ్వానాలు పంపుతారు.

3. రెండు కొలబద్దలు

ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ కార్యక్రమం ద్వారా వెళ్ళేవారు రెండు వేర్వేరు లెక్కలను అర్థం చేసుకోవాలి.

(అ) అర్హత లెక్క: మొత్తం 100 పాయింట్లు. భాష 28, విద్య 25, అనుభవం 15, వయస్సు 12, ఖాయమైన ఉద్యోగం 10, సర్దుబాటు సామర్థ్యం 10. కనీసం 67 రావాలి. ఇది పూల్‌లోకి ప్రవేశానికి మాత్రమే.

(ఆ) ర్యాంకింగ్ లెక్క: మొత్తం 1,200 పాయింట్లు. వయస్సు, విద్య, భాష, కెనడాలో చేసిన ఉద్యోగం వంటి మూల అంశాలకు 500. ఒక అర్హత మరొక అర్హతతో కలిసినప్పుడు వచ్చే విలువకు 100. అదనపు అంశాలకు 600. పూల్‌లో మీ స్థానాన్ని నిర్ణయించేది ఈ లెక్కే.

మొదటిది ప్రవేశ పరీక్ష వంటిది, రెండవది మెరిట్ జాబితా వంటిది. పరీక్ష పాసయిన వారందరికీ సీటు రాదు కదా!

4. ఉదాహరణ

సరిత అనే అభ్యర్థిని ఊహించుకుందాం. వయస్సు 29, అవివాహిత. దూరవిద్యలో బి.కాం. పూర్తిచేసింది. మదింపులో అది కెనడా బ్యాచిలర్ డిగ్రీకి సమానమని తేలింది. విజయవాడలో మూడేళ్ళు అకౌంటెంటుగా పనిచేసింది. కెనడాలో బంధువులు లేరు. ఐఈఎల్‌టీఎస్ జనరల్ పరీక్షలో వినడంలో 7.5, చదవడం, రాయడం, మాట్లాడడంలో 6.5 చొప్పున వచ్చాయి. కెనడా భాషా ప్రమాణంలో ఇది 8వ స్థాయి.

అర్హత లెక్క: భాష 20 + విద్య 21 + అనుభవం 11 + వయస్సు 12 = 64. అంటే సరితకు పూల్‌లో ప్రవేశమే లేదు.

ఇప్పుడు ఆమె మళ్ళీ పరీక్ష రాసి, వినడంలో 8, మిగిలిన వాటిలో 7 చొప్పున తెచ్చుకున్నదనుకుందాం. ఇది 9వ స్థాయి. భాషకు 24 వస్తాయి. మొత్తం 68. అర బ్యాండు తేడాతో తలుపు తెరుచుకుంది.

ర్యాంకింగ్ లెక్క (9వ స్థాయితో): వయస్సు 110 + విద్య 120 + భాష 124 = 354. విద్య, భాష కలిసినందుకు 25. విదేశీ అనుభవం, భాష కలిసినందుకు 50. మొత్తం 429. 8వ స్థాయితో ఇదే లెక్క వేస్తే 360 మాత్రమే వస్తుంది. భాష తన పాయింట్లనే కాక, చదువు, అనుభవం విలువను కూడా పెంచుతుందని గమనించండి.

అయితే 429 సరిపోతుందా? 2024లో అన్ని కార్యక్రమాలకూ కలిపి జరిపిన సాధారణ విడతలలో కనీస స్కోరు 500కు పైనే ఉంది. కాబట్టి సరిత ముందు మూడు దారులున్నాయి. మొదటిది, ఏదైనా ప్రావిన్సు నామినేషన్ సంపాదించడం. దీనికి 600 పాయింట్లు కలుస్తాయి. రెండవది, ఫ్రెంచి నేర్చుకోవడం. నాలుగు నైపుణ్యాలలో 7వ స్థాయి సాధిస్తే, ఇంగ్లీషు కూడా ఉన్నందున 50 అదనపు పాయింట్లు వస్తాయి. ఫ్రెంచి వచ్చినవారికి ప్రత్యేక విడతలు కూడా ఉంటాయి. 2024 ఫిబ్రవరిలో వాటి కనీస స్కోరు 400 లోపే ఉంది. మూడవది, రెండవ విద్యార్హత. ఒక పీజీ డిప్లొమా మదింపులో గుర్తింపు పొందితే 33 పాయింట్లు పెరుగుతాయి.

ఊరికే వేచి ఉండడం మాత్రం దారి కాదు. ఈ లెక్కలో విదేశీ అనుభవానికి మూడేళ్ళ తరువాత పాయింట్లు పెరగవు. వయస్సు పాయింట్లు మాత్రం 30వ ఏట నుంచి తగ్గుతాయి: 30కి 105, 31కి 99, 32కి 94, 35కి 77, 40కి 50, 45కి సున్న.

5. దరఖాస్తు క్రమం

1) భాషా పరీక్ష రాయాలి. ఫలితం రెండేళ్ళు చెల్లుతుంది.
2) గుర్తింపు పొందిన సంస్థతో డిగ్రీ మదింపు చేయించాలి. నివేదిక ఐదేళ్ళు చెల్లుతుంది.
3) మీ పనికి సరిపోయే వృత్తి సంకేత సంఖ్యను ఎంచుకోవాలి. ఇక్కడ హోదా పేరు కాదు, చేసిన పనులు ముఖ్యం. అకౌంటెంటు అని పేరున్నా చేసినది కేవలం డేటా ఎంట్రీ అయితే ఆ అనుభవం లెక్కకు రాదు.
4) ఆన్‌లైన్‌లో ప్రొఫైల్ నింపాలి. దీనికి రుసుము లేదు. 12 నెలలు ఉంటుంది.
5) ఆహ్వానం వస్తే 60 రోజులలో పూర్తి దరఖాస్తు సమర్పించాలి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, వైద్య పరీక్ష, అనుభవ పత్రాలు, బ్యాంకు నిల్వ రుజువు సిద్ధంగా ఉండాలి.

6. జాగ్రత్తలు

లేని అనుభవానికి పత్రం ఇప్పిస్తామని, ఖాతాలో కొద్దిరోజులు డబ్బు చూపిస్తామని చెప్పేవారుంటారు. అప్పు తెచ్చిన డబ్బును స్థిరనివాస నిధిగా చూపడం నిబంధనలకు విరుద్ధం. తప్పుడు సమాచారం ఇచ్చినట్లు తేలితే దరఖాస్తు తిరస్కరించడమే కాక ఐదేళ్ళ నిషేధం విధిస్తారు. పత్రాన్ని ఏజెంటు తయారుచేసినా నిషేధం పడేది మీ మీదే. ఉద్యోగ ఆఫరు కొనిపిస్తామనే మాటలనూ నమ్మవద్దు. 2025 మార్చి 25 నుంచి ర్యాంకింగ్‌లో ఉద్యోగ ఆఫరు పాయింట్లను తొలగించారు. పీఆర్ గ్యారంటీ అని ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఆహ్వాన స్కోరు ముందుగా ఎవరికీ తెలియదు.

7. సారాంశం

పాయింట్ల పద్ధతి పుట్టుకకు బదులు అర్హతను ప్రాతిపదికగా తీసుకుంది. 67 పాయింట్లు పూల్‌లో ప్రవేశం మాత్రమే ఇస్తాయి. ఆహ్వానాన్ని నిర్ణయించేది ర్యాంకింగ్ స్కోరు. అభ్యర్థి చేతిలో ఉన్న అంశాలలో భాష అతి ముఖ్యమైనది. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక ఫీజు కట్టే ముందు కెనడా ప్రభుత్వ వెబ్‌సైటులో తాజా నియమాలు చూసి, అక్కడి స్కోరు లెక్కింపు సాధనంతో మీ లెక్క సరిచూసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అర్హత లెక్కకూ, ర్యాంకింగ్ లెక్కకూ తేడా ఏమిటి?
2. సరిత ఇవే అర్హతలతో, భాషలో 9వ స్థాయితో, 32వ ఏట దరఖాస్తు చేస్తే ర్యాంకింగ్ స్కోరు ఎంత?
3. 2012లో పాత దరఖాస్తులు రద్దు కావడానికి దారితీసిన పరిస్థితిని వివరించండి.

2వ ప్రశ్నకు జవాబు: వయస్సుకు 110 బదులు 94 వస్తాయి. కాబట్టి 429 – 16 = 413.