గాలికుంటు టీకా: లెక్క ఒక్క దొడ్డితో తేలదు

గాలికుంటు సోకిన పెద్ద పశువు సాధారణంగా చావదు. నాలుక మీద, గిట్టల సందుల్లో పొక్కులు లేచి పగులుతాయి. జ్వరంతో మేత మానేసి చొంగ కారుస్తూ పడుకుంటుంది, కొన్ని వారాలకు లేచి తిరుగుతుంది. అందుకే చాలామంది దీన్ని పెద్ద నష్టాల్లో జమకట్టరు. కానీ తగ్గిన పాలు ఆ ఈతలో మళ్లీ పూర్తిగా రాకపోవచ్చు. చూడి పశువులు ఈసుకుపోతాయి. వైరస్ గుండె కండరాన్ని దెబ్బతీస్తే లేగదూడ ఉన్నట్టుండి చనిపోతుంది. కోలుకున్నవాటిలో కొన్ని ఎండకు తట్టుకోలేక రొప్పుతూనే ఉంటాయి. దుక్కుల వేళ ఎద్దు కుంటితే ఆ రైతుకు అదును తప్పినట్టే.

నివారణ కూడా చవక కాదు. మన దేశంలో తిరిగే ఓ, ఎ, ఆసియా-1 రకాల్లో ఒకదానిపై వచ్చిన రక్షణ మరోదానిపై పనిచేయదు కాబట్టి మూడింటినీ కలిపి టీకా చేస్తారు. హైదరాబాద్‌లోనూ ఇది తయారవుతోంది. ఆరు నెలలకే బలం తగ్గుతుంది, ఏడాదికి రెండుసార్లు వేయాలి. తయారైన చోటు నుంచి పశువుల పాక దాకా 2–8 డిగ్రీల చల్లదనం తప్పకూడదు. సూది వేశాక ఒకటి రెండు రోజులు పాలు తగ్గవచ్చు. రైతు కంటికి కనబడేది ఆ తగ్గిన పాలే; రాకుండా ఆగిన రోగం ఎవరికీ కనబడదు.

పైగా నా గేదెకు వేయించిన టీకా పక్కవాళ్ల దొడ్డినీ కాపాడుతుంది. వాళ్లు వేయించకపోతే సంతకు వెళ్లొచ్చిన పశువుతో రోగం మళ్లీ ఊళ్లోకి వస్తుంది. ఇంత ఉమ్మడి లాభాన్ని ఒక్కో రైతు జేబు మీద వదిలేయడం అన్యాయం. 2019లో కేంద్రం గాలికుంటుతో పాటు బ్రూసెల్లోసిస్ నివారణకు అయిదేళ్లకు 13,343 కోట్ల రూపాయలు కేటాయించింది. నా దృష్టిలో అది సరైన ఖర్చే.

బ్రిటన్ మరో దారి పట్టింది. టీకాలు వేస్తే మాంసం, పశువుల ఎగుమతికి అడ్డంకులొస్తాయని, 2001లో రోగం రాగానే వధకే మొగ్గింది. 60 లక్షలకు పైగా పశువులు పోయాయి. పల్లె దారులు మూసేయడంతో పర్యాటకమూ కుదేలైంది. ప్రభుత్వానికి, ప్రైవేటు రంగానికి కలిపి నష్టం 800 కోట్ల పౌండ్లు దాటింది.

రోగాన్ని పూర్తిగా తుడిచేస్తే ఖర్చు ఆగిపోతుందన్నది నిజమే. ముసర వ్యాధి విషయంలో అలాగే జరిగింది. ఒక్క టీకా జీవితాంతం కాచేది. 2011లో ప్రపంచమంతా ఆ రోగం నుంచి బయటపడింది. గాలికుంటుకు ఆ సౌలభ్యం లేదు. అందువల్ల ఇక్కడ అన్నిటికంటే నష్టపు బేరం సగం పశువులకు వేసి ఊరుకోవడం: డబ్బూ పోతుంది, రోగమూ ఉంటుంది.

టీకా వేసేవారు ఊరికి వచ్చినప్పుడు పాడి గేదెనొక్కదాన్నే కట్టేసి చూపించకండి. వట్టిపోయిన ఆవును, దున్నదూడను, మేకలను, గొర్రెలను కూడా చూపించండి. చెవి పోగు నంబరుతో తేదీ నమోదు చేయించి, ఆరు నెలలకు మళ్లీ అడిగి వేయించండి.