చక్రం కింద కడప నేల

పాత అట్లాస్ సైకిలో హీరో సైకిలో ఇంట్లో ఉంటే దాని టైరు పక్కన అచ్చుపోసిన అంకెలు చూడండి. 28 × 1½ అని ఉంటుంది. ఒకటిన్నర అంగుళం అంటే దాదాపు 40 మిల్లీమీటర్ల వెడల్పు. ఇవాళ ప్రపంచమంతా మోజుపడుతున్న గ్రావెల్ బైకులకు వేసే టైర్లు 35 నుంచి 50 మిల్లీమీటర్ల లోపే. అంటే ప్రొద్దుటూరు మార్కెట్‌కు పాలక్యాన్లు మోసిన సైకిలూ, యూరప్ కొండల్లో కంకరదారి తొక్కే సైకిలూ టైరు వెడల్పు విషయంలో ఒకటే! తారు లేని దారికి ఎంత టైరు కావాలో మన పెద్దల సైకిళ్లకు ముందే తెలుసు. గ్రావెల్ బైకులో కొత్తగా వచ్చినవి తేలికైన ఫ్రేము, డిస్క్ బ్రేకులు, ఎత్తెక్కడానికి చిన్న గేర్లు, వంచిన హ్యాండిల్. డబ్బు లేదని ఎవరూ ఆగనక్కర్లేదు. మంచి టైర్లున్న మామూలు గేరు సైకిలు మీద కూడా ఈ కింద చెప్పే దారులన్నీ తిరగొచ్చు.

కంకరదారుల మీద సైకిలు తొక్కే ఈ ఆటకు పెద్ద పేరు తెచ్చిన దారులు ఇటలీలోని టస్కనీ కొండల్లో ఉన్నాయి. అక్కడి సున్నపురాతి మట్టిరోడ్లు తెల్లగా ఉంటాయి. వాటి మీదా తారు పోసేస్తారేమోనన్న బెంగతో 1997లో గయోలే అనే ఊళ్లో పాత సైకిళ్ల యాత్ర ఒకటి మొదలుపెట్టారు, పేరు లెరోయికా. ఆ తెల్లదారుల మీదే 2007 నుంచి స్ట్రాడే బియాంకే అనే ప్రొఫెషనల్ పందెం నడుస్తోంది. అమెరికాలో కాన్సస్ గడ్డికొండల మధ్య 200 మైళ్ల పందెం 2006లో 34 మందితో మొదలైంది. 2022లో ఇటలీలోనే తొలి గ్రావెల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. ఒక రోడ్డును రోడ్డుగా కాక నేలగా కాపాడుకోవడానికి మొదలైన పని కాబట్టి లెరోయికా అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

తెల్లదారుల కోసం టస్కనీ దాకా పోనక్కర్లేదు. కడప జిల్లాలో ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల నేల కింద ఉన్నదీ సున్నపురాయే. దాని మీద ఆధారపడే ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. ఇళ్లలో పరిచే నల్లబండలు, నాపరాళ్లు ఈ పొరల్లోవే. కడపబండ అని బెంగళూరులో, చెన్నైలో వంటింటి గట్టు మీద పరిచేదీ ఇదే. ఈ రాయికి భూగర్భశాస్త్రంలో పేరు నార్జి సున్నపురాయి. నార్జి ఎక్కడో విదేశంలో లేదు, ఈ జిల్లాలోని ఊరే. ఇక్కడ పొలాల గట్లకు కంచెగా కూడా నాపబండలే నిలబెడతారు. క్వారీల పక్క దారుల్లో పడి ఉండే బండపెచ్చుల అంచులు కత్తుల్లా ఉంటాయి. అవి టైరు నడినెత్తిని వదిలేసి పక్కగోడను కోస్తాయి, కాబట్టి అక్కడ వేగం తగ్గించాలి. పైగా అవి టిప్పర్లు తిరిగే దారులు, ఆదివారం చూసుకుని పోవడం మేలు.

నార్జి ఒక్కటే కాదు. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లో కడప, కర్నూలు శిలల మీద ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆ పరంపరలో ఇక్కడి రాతిపొరలకు మన ఊళ్ల పేర్లే స్థిరపడ్డాయి: గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, నార్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల. కెనడాలోనో ఆస్ట్రేలియాలోనో భూగర్భశాస్త్రం చదివే విద్యార్థి కడప బేసిన్ పాఠం తీస్తే ఈ ఊళ్లను వరసగా పలకాల్సిందే. బస్సు బోర్డుల మీద చూసే పేర్లకు ఇంత గౌరవం ఉందని ఇక్కడి బడిపిల్లలకు ఎవరైనా చెబుతున్నారా?

ఇక అసలు విశేషం. ఈ పొరలు అడ్డంగా, ఒక పక్కకు కొంచెం వాలి ఉన్నాయి, ఈశాన్యంవైపు దిగిపోతూ. అందువల్ల ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల వైపు నైరుతిగా తొక్కుకుంటూ పోతే పోయేకొద్దీ ఇంకా పాతరాయి మీదికి వెళతాం. కిలోమీటరు రాళ్లు ముందుకు లెక్కబెడుతుంటే కాలం వెనక్కి నడుస్తుంది. కారు అద్దంలోంచి ఇది అంతుబట్టదు. సైకిలు మీద మాత్రం నేల మారినప్పుడల్లా చేతులకు తెలుస్తుంది. రేగడిలో మెత్తగా, సున్నపురాతి మీద గరగరమంటూ, క్వార్ట్‌జైట్ ముక్కల మీద పళ్లు కదిలేట్టు.

ప్రొద్దుటూరు చుట్టూ నల్లరేగడి. ఎండినప్పుడు డొంకదారులు హాయిగా ఉంటాయి. వాన పడిందా, ఆ మట్టి టైరుకు చుట్టుకుని ఫోర్కు మధ్య బిగుసుకుంటుంది, చక్రం తిరగదు, సైకిలు భుజానికెత్తుకోవాల్సిందే. వాన వెలిశాక రెండు మూడు ఎండలు తగిలేదాకా రేగడి జోలికి పోవద్దు. ఆ రోజుల్లో కాలువగట్లు ఉన్నాయి కదా. కర్నూలు–కడప కాలువను 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది. పైరుకు నీళ్లతో పాటు పడవల రవాణా కూడా దాని లక్ష్యం. కంపెనీ గట్టెక్కలేదు, 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. 300 కిలోమీటర్ల పొడవున పారే ఈ కాలువ మీద ఇప్పుడు పడవలు లేవు. దువ్వూరు, మైదుకూరు వైపు దాని గట్ల మీద చదునైన మట్టిదారి దొరుకుతుంది. ఇటు వరి, అటు నీళ్లు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి బడి లేదు.

జమ్మలమడుగు నుంచి గండికోట దాదాపు 15 కిలోమీటర్లు. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన గండి అంచునే కోట. ఇక్కడి ఎర్రబండలు క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుకే గట్టిపడి రాయైంది. కొన్ని బండల మీద నీటి అలలు గీసిన చారలు ఇప్పటికీ కనిపిస్తాయి. కోటలోకి సైకిలు మీద వెళ్లేవాళ్లు 1652లో వచ్చిన ఒక బాటసారిని తలచుకోవాలి. వజ్రాల వర్తకుడు తావర్నియే ఫ్రాన్స్ నుంచి వచ్చి, అప్పుడే ఈ కోటను గెలిచిన మీర్ జుమ్లాను ఇక్కడే కలిశాడు. కోటకున్నది కొండను తొలిచి చేసిన ఇరుకు దారి ఒక్కటేననీ, పక్కన భయంకరమైన లోయ, అడుగున నది ఉన్నాయనీ రాసుకున్నాడు. ఇవాళ తారురోడ్డు నేరుగా కోటగుమ్మం దాకా పోతుంది. లోపల మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం దగ్గరదగ్గరగా ఉన్నాయి. సైకిలును బయట నిలిపి నడిచే చూడాలి. గండి అంచున పిట్టగోడ లేదు, ఫోటో కోసం బండ చివరికి పోవద్దు.

పాత మ్యాపులను నమ్మి ఇక్కడ దారి వెతకడం కష్టం. గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. నీళ్లు నిండుతుంటే 2020లో తాళ్లప్రొద్దుటూరు అనే ఊరు ఖాళీ అయింది. మ్యాపులో ఉన్న బాట ఒక్కోచోట తిన్నగా నీళ్లలోకి దిగిపోతుంది. ఒకరి ఊరిదారి అది. అక్కడ ఆగి కాసేపు చూసి వెనక్కి తిరగడమే మర్యాద. దారి తెలియాలంటే ఫోను కంటే గొర్రెలకాపరి నయం. "పెద్దాయనా, ఈ రస్తా యాడికి పోతాది?" అని దిగి అడిగితే చాలు, "వంక దంకా పోతాది నాయనా, ఆపైన ల్యా" అని అంగుళం తేడా లేకుండా చెబుతాడు. మందతో కుక్కలుంటాయి, అవి మీదికొస్తే సైకిలు దిగి నడవండి. పరుగెత్తే చక్రాన్ని తరుముతాయి గానీ నడిచే మనిషిని చాలాసార్లు వదిలేస్తాయి.

ఈ నేల మీద సైకిలుకు అసలు శత్రువు పల్లేరు. కాయ ఎండితే అయిదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకు గట్టి ముళ్లు, ఎలా పడ్డా ఏదో ఒకటి పైకే చూస్తుంది. మధ్యధరా తీరాల్లో కూడా ఇది సొంత మొక్కే, అక్కడి సైకిలుకూ ఇదే బాధ. అమెరికాకు చేరి ఎంత విసిగించిందంటే, దాన్ని తినే ముక్కుపురుగులను 1961లో ఇటలీ నుంచి తెప్పించి వదిలారు. దానికి తోడు మనకు సర్కారుతుమ్మ కూడా ఉంది. ట్యూబు లేని టైరులో రబ్బరుపాల ద్రవం పోస్తే చిన్న కన్నాలు వాటంతటవే పూడిపోతాయి. ట్యూబు టైరైతే ముల్లు తీసే పట్కారు, రెండు ట్యూబులు, పంపు వెంట ఉండాలి. గుచ్చుకున్న ముల్లును దారిలో లాగేయకండి, లాగగానే గాలి పోతుంది. నీడ దొరికాక తీయండి.

అంతటి ముళ్లపొదలే మరొక ప్రాణికి ఇల్లు. కలివికోడిని 1848లో శాస్త్రజ్ఞులు వర్ణించారు. 1900లో ఒకసారి కనబడి, తర్వాత ఎవరికీ కంటపడక, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో ఇదే జిల్లాలో, లంకమల కొండల దగ్గర రెడ్డిపల్లి పరిసరాల్లో, మళ్లీ దొరికింది. రాత్రి తిరిగే పక్షి, చిట్టడవి మధ్య ఖాళీజాగాల్లో పరుగెడుతుంది. ఆ కొండల్లోని అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోవద్దు. రాత్రిపూట లైట్లేసుకుని అసలే పోవద్దు. మనం పొద అనుకునేది దానికి ఊరు.

ముద్దనూరు స్టేషన్ చెన్నై–ముంబై రైలు మార్గంలో ఉంది. సైకిలుతో అక్కడ దిగితే ఉత్తరాన గండికోట, దక్షిణాన పులివెందుల. 2016లో మొదలైన ఎర్రగుంట్ల–నంద్యాల రైలు మార్గం ప్రొద్దుటూరు, జమ్మలమడుగులను కలిపింది. పులివెందులకు మాత్రం ఇంకా రైలు లేదు. ఇక ఎప్పుడు తొక్కాలన్నదానికి వస్తే, ఇటలీలో చలికాలం వానలు, వేసవి ఎండలు. మనకు వానలు జూన్ నుంచి నవంబరు దాకా. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి ఈ దారులకు బంగారు నెలలు. మేలో 40 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు పొద్దున తొమ్మిది లోపు ఇల్లు చేరాలి.

పులివెందుల వైపు నేల ఎర్రబడుతుంది. గరుసుదారులు, వేరుశెనగ చేలు, చీనీతోటలు. చీనీ పూతకాలంలో ఆ తోటల పక్కన తొక్కినవాళ్లకు వాసన ఎప్పటికీ గుర్తుంటుంది. ఇక్కడి నుంచి వేంపల్లె దాకా పరుచుకున్న డోలమైటు రాయిలో ఉల్లిపాయ పొరల్లాంటి గుండ్రటి ఆకారాలు కనిపిస్తాయి. అవి స్ట్రోమటోలైట్లు. లోతులేని సముద్రపు అడుగున సూక్ష్మజీవులు పొరమీద పొరగా కట్టినవి, దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట. చేప పుట్టలేదు, చెట్టు పుట్టలేదు అప్పటికి. తుమ్మలపల్లె యురేనియం ఉన్నదీ ఈ రాతిలోనే. బ్రాహ్మణపల్లె ప్రాంతంలో ఒకప్పుడు రాతినార (ఆస్బెస్టాస్) తవ్వారు. ఆ పాత గనుల దిబ్బలపై తొక్కవద్దు, రాతినార దుమ్ము ఊపిరితిత్తులకు విషం.

వేంపల్లె దగ్గర పాపాఘ్ని నది కొండను చీల్చుకొచ్చే చోటు గండి, అక్కడ ఆంజనేయస్వామి గుడి ఉంది. రాముడి కోసం వాయుదేవుడు ఆ చీలిక మీద బంగారు తోరణం కట్టాడనీ, పుణ్యాత్ముడికి చివరి రోజుల్లోనే అది కనిపిస్తుందనీ చెప్పుకుంటారు. దత్తమండలాల కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా గుడారాల్లో బతుకుతూ ఈ నేలంతా తిరిగిన థామస్ మన్రోకు అది కనబడిందట. ఆయన గవర్నరై మళ్లీ ఈ సీమకు వచ్చి 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు.

పులివెందుల దాటి కదిరి వైపు ఇంకా తొక్కితే పొరలన్నీ అయిపోతాయి. గువ్వలచెరువు క్వార్ట్‌జైట్ నిట్టనిలువు అంచు దిగగానే గుండ్రటి గ్రానైటు గుండ్లు మొదలవుతాయి. ఆనాటి కడప సముద్రానికి అడుగు ఇదే. వయసు 250 కోట్ల ఏళ్లకు పైమాటే.