శనివారం ఆట, ఆదివారం ఆట

ఫుట్‌బాల్ అనగానే మీకు కాలితో తన్నే గుండ్రని బంతి జ్ఞాపకం వస్తుంది. అమెరికావాళ్లకు అలా కాదు. వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతిని కాలితో తన్నేది తక్కువ. చేతపట్టుకుని పరిగెత్తటమూ, విసరటమూ, పట్టటమూ ఎక్కువ. బంతి కూడా గుండ్రంగా ఉండదు. కోడిగుడ్డును రెండువైపులా మొనతేల్చినట్టు ఉంటుంది. దాన్ని పట్టుకుని పరిగెత్తేవాణ్ణి ఎదుటిజట్టువాళ్లు పట్టి పడేస్తారు. చెడుగుడు ఆడినవాళ్లకు ఈ భాగం చప్పున అర్థమవుతుంది. అయితే ఇది దెబ్బలు తగిలే ఆట. హెల్మెట్లూ, భుజాలకు మెత్తలూ ఉన్నా తలకు దెబ్బలు తప్పవు. అందుకే 2013 నుంచి కాలేజీ ఆటలో ఎదుటివాడి తలకు గురిపెట్టి గుద్దినవాణ్ణి మైదానం నుంచి పంపేస్తున్నారు.

జట్టుకు 11 మంది. మైదానం ఈ గోలు గీత నుంచి ఆ గోలు గీతకు 100 గజాలు. బంతి చేతికి వచ్చిన జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు పోగలిగితే మళ్లీ నాలుగు. పోలేకపోతే బంతి ఎదుటివాళ్లది. ఇలా పోయి పోయి అవతలి గీత దాటితే 6 పాయింట్లు. ఇంతమాత్రం తెలిస్తే చాలు, తక్కినది చూస్తూ నేర్చుకోవచ్చు.

ఆట రోజులవారీగా పంచుకోబడి ఉన్నది. శుక్రవారం రాత్రి హైస్కూలు పిల్లలు, శనివారం కాలేజీ విద్యార్థులు, ఆదివారం జీతానికి ఆడే ప్రొఫెషనల్ జట్లు. గొప్ప జట్ల ఆట ఇంట్లో టెలివిజన్లో కనిపిస్తుంటే ఊరి కుర్రాళ్ల ఆటకు ఎవరు వస్తారు? అందుకని 1961లో అమెరికాలో వచ్చిన చట్టం మూలాన, సెప్టెంబరు రెండో వారం నుంచి డిసెంబరు రెండో వారం దాకా ప్రొఫెషనల్ జట్లు శుక్రవారం రాత్రికీ, శనివారానికీ అడ్డు రావు.

ఒక శనివారం మనం ఐయోవా సిటీ అనే ఊళ్లో ఉన్నామనుకోండి. అక్కడి విశ్వవిద్యాలయపు స్టేడియంలో దాదాపు 70 వేలమంది పడతారు. ఊరి జనాభా అంతకు కొంచెం ఎక్కువ, అంతే. స్టేడియం పక్కనే ఎత్తయిన పిల్లల ఆసుపత్రి ఉన్నది. 2017లో దాన్ని తెరిచారు. జబ్బుతో ఉన్న పిల్లలు పై అంతస్తు కిటికీల దగ్గర చేరి ఆట చూస్తారు. ఆటకు నాలుగు భాగాలు. మొదటి భాగం ముగియగానే చూసేవాళ్లందరూ మైదానానికి వీపు తిప్పి, ఆసుపత్రి కేసి చేతులు ఊపుతారు. ఆటగాళ్లూ ఊపుతారు. ఓడించటానికి వచ్చిన జట్టువాళ్లు కూడా! పైనుంచి చిన్న చిన్న చేతులు తిరిగి ఊపుతాయి. ఒక అభిమాని ఇచ్చిన సలహాతో ఇది ఆ యేడే మొదలయింది. ఆ రోజు ఎవరు గెలిచారో మరిచిపోయినవాళ్లకు కూడా ఇది గుర్తుంటుంది.

ఈ స్టేడియానికి నైల్ కిన్నిక్ పేరు పెట్టారు. అతను ఈ విశ్వవిద్యాలయం తరఫున ఆడి, 1939లో దేశంలోకెల్లా ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ బహుమతి అందుకున్నాడు. ఒక ప్రొఫెషనల్ జట్టు రమ్మన్నది. అతను పోలేదు, న్యాయశాస్త్రం చదవటానికి పోయాడు. ఇంతలో యుద్ధం వచ్చింది. నౌకాదళంలో చేరి విమానం నడపటం నేర్చుకున్నాడు. 1943 జూన్ 2న అతని విమానం సముద్రంలో దిగవలసి వచ్చింది. అప్పటికి అతని వయస్సు 24.

కిన్నిక్ ఆదివారం ఆటను తానే వద్దనుకున్నాడు. తక్కినవాళ్లకు వద్దనే అవకాశమే రాదు. ప్రొఫెషనల్ జట్లు 32, ఒక్కొక్కదాంట్లో 53 మంది. లెక్కవేసి చూడండి, 1,700లకు కాస్త తక్కువ. కాలేజీల్లో ఆడేవాళ్లో, పదుల వేలమంది. నూటికి ఇద్దరు కూడా అవతలికి చేరరు. నవంబరులో సొంతవూళ్లో జరిగే ఆఖరి ఆటకు ముందు, చదువు పూర్తి చేయబోయేవాళ్లను పేరుపేరునా తల్లిదండ్రులతో సహా మైదానంలోకి పిలుస్తారు. అంత బలిష్ఠుడూ తల్లి పక్కన చిన్నపిల్లవాడిలా నిలబడతాడు. నన్నడిగితే, ఆ రోజు గంట ముందుగానే పోయి కూర్చోవాలంటాను. ఇప్పుడు కాలేజీ ఆటలో కూడా డబ్బు ఉన్నది. 2021 నుంచి ఆటగాళ్లు ప్రకటనలకు సొమ్ము పుచ్చుకోవచ్చు, 2025 నుంచి కాలేజీలే వాళ్లకు నేరుగా ఇవ్వవచ్చు. అయినా ఆదివారం చోట్లు ఒక్కటీ పెరగలేదు.

ఇక కారెక్కి అయిదారు గంటలు పోతే, ఆదివారానికి గ్రీన్ బే చేరతాం. నిన్న చూసిన ఆటే. కాని నిబంధనల్లో చిన్న చిన్న తేడాలున్నాయి. నిన్న గీత అంచున బంతి పట్టినవాడికి ఒక్క పాదం లోపల ఆనితే చాలు, ఇవాళ రెండూ ఆనాలి. నిన్న కాలుజారి మోకాలు నేలకు తగిలితే పరుగు అక్కడితో సరి. ఇవాళ ఎవరూ తాకకపోతే లేచి మళ్లీ పరిగెత్తవచ్చు!

గ్రీన్ బే లక్ష జనాభా గల ఊరు. ప్రొఫెషనల్ జట్టు ఉన్న ఊళ్లలో ఇంత చిన్నది మరొకటి లేదు. 1919లో ఒక మాంసం డబ్బాల కంపెనీ చొక్కాలకు డబ్బిచ్చింది గనక జట్టుకు ప్యాకర్స్ అని పేరు వచ్చింది. తక్కిన జట్లకు ధనవంతులు యజమానులు. దీనికి వాటాదార్లు అయిదు లక్షలకు పైగా ఉన్నారు. ఆ వాటామీద లాభం దమ్మిడీ రాదు, లాభానికి అమ్ముకోవటానికీ వీల్లేదు. అయినా కొంటారు. 1967 డిసెంబరు 31, అదీ ఆదివారమే, ఇక్కడ సున్నాకు 25 సెంటీగ్రేడు డిగ్రీలు తక్కువ చలి. ఈలలు గడ్డకట్టి మోగకపోతే తీర్పరులు నోటితో అరిచి ఆట నడిపారు. జనం కదలలేదు. గ్రీన్ బే 21-17తో గెలిచింది.

ఈ ఊరి పిల్లలకు మాత్రం అన్నిటికన్నా జులై, ఆగస్టు ఇష్టం. అప్పుడు జట్టు సాధన మొదలవుతుంది. స్టేడియం బయట పిల్లలు సైకిళ్లతో బారులు తీరి ఉంటారు. ఆటగాడు వచ్చి ఒకరి సైకిలు అడిగి తీసుకుని, సాధన జరిగే మైదానానికి తొక్కుకుపోతాడు. చిన్న సైకిలు, భారీ మనిషి. మోకాళ్లు గడ్డానికి తగులుతాయా అనిపిస్తుంది. సైకిలు ఇచ్చిన పిల్లవాడు ఆయన హెల్మెట్‌ను రెండు చేతులా పట్టుకుని పక్కనే పరిగెత్తుతాడు.