మూలపడ్డ బండికి మళ్లీ కిక్కు

రెజ్యుమెలో 'హాబీస్' అన్న చోట చాలామంది రాసేవి పుస్తకాలు చదవడం, పాటలు వినడం, క్రికెట్. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు అవి చూసి చూసి అలవాటైపోయి ఉంటాయి. అదే చోట 'పాత మోటార్‌సైకిల్ బాగుచేయడం' అని ఉంటే ఏ బండి, ఏం చేశావు, ఎంతయింది అని అడగబుద్ధవుతుంది. మీ చేతులకు నిజంగా గ్రీజు అంటిందా, లేక మెకానిక్‌కు డబ్బులిచ్చి పక్కన నిలబడి ఫొటో దిగారా అన్నది రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇది ఇంజినీరింగ్ వాళ్లకే పరిమితమైన సరదా కాదు. బీకాం, బీఏ చదివేవాళ్లకూ పానా పట్టుకోవడం వస్తుంది. కావాల్సింది ఒక బండి, వాన తగలని చోటు, కాస్త ఓపిక. డబ్బు కూడా కావాలి. ఆ సంగతి ముందే ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి ఇక్కడ కొంచెం వివరంగానే మాట్లాడుకుందాం.

పేరున్న బండా, ఇంట్లో ఉన్న బండా?

పాత బండి అనగానే కుర్రాళ్ల నోట ముందొచ్చే పేరు యమహా ఆర్‌ఎక్స్ 100. 1985లో మన మార్కెట్లోకి వచ్చింది, 1996లో తయారీ ఆగిపోయింది. ఇంజిన్ 98 సీసీ టూ స్ట్రోక్. బండి తేలిక, పికప్ ఎక్కువ, ఇక ఆ చప్పుడు గురించి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత మైసూరులో ఐడియల్ జావా కంపెనీ తయారుచేసిన యెజ్డీ. గేర్ రాడ్‌నే వెనక్కి తిప్పితే అదే కిక్ రాడ్ అయ్యే బండి అది. ఆ ఫ్యాక్టరీ కూడా 1996లోనే మూతపడింది. ఇక కుడి కాలితో గేర్లు వేసే పాత బుల్లెట్ సంగతి సరేసరి.

గొప్ప బండ్లే. కానీ మొదటి బండిగా వద్దంటాను. పేరు పెరిగిన కొద్దీ వాటి రేటూ పెరిగింది. ఒక బండి ఛాసిస్‌కు ఇంకో బండి ఇంజిన్ తగిలించి, రంగేసి అమ్మే అతుకుల బండ్లూ తిరుగుతున్నాయి. కొత్తవాళ్లకు తేడా తెలియదు.

మీ నాన్నగారో, బాబాయో నడిపి పక్కన పెట్టిన హీరో హోండా సీడీ 100 గానీ, స్ప్లెండర్ గానీ ఉందేమో చూడండి. సీడీ 100 కూడా 1985లో వచ్చిందే. 97.2 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్. స్ప్లెండర్ 1994లో వచ్చింది. వీటి స్పేర్ పార్టులు చిన్న ఊళ్లలోనూ దొరుకుతాయి, చేయి పెట్టని మెకానిక్ అరుదు. పైగా ఆ బండి చరిత్ర ఇంట్లోనే ఉంటుంది. ఎప్పుడు పడింది, ఇంజిన్ ఎన్నిసార్లు విప్పారు, ఎందుకు మూలపెట్టారు అన్నది భోజనాల దగ్గర అడిగితే చాలు. ఫొటోల్లో ఆర్‌ఎక్స్ అంత మెరవదు, నిజమే. నేర్చుకోవడానికి మాత్రం ఇదే మేలు.

పానా కంటే ముందు ఆర్‌సీ

స్పానర్ సెట్ కొనేముందు బీరువాలో ఆర్‌సీ వెతకండి. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే.

'15 ఏళ్లు దాటితే బండి తుక్కే' అన్న మాట మన దగ్గర బాగా ప్రచారంలో ఉంది. ఢిల్లీలో పాత పెట్రోల్ బండ్ల మీద ఉన్న ఆంక్షలు విని అలా అనుకుంటారు. సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు ఉంటుంది. ఆ తర్వాత బండిని ఆర్టీఏ ఆఫీసుకు తీసుకెళ్లి, తనిఖీలో పాసైతే ఐదేళ్ల చొప్పున రెన్యువల్ చేయించుకోవచ్చు. దానికి ఫారం 25. రెన్యువల్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి మోటార్‌సైకిళ్లకు 300 రూపాయల నుంచి 1000కి పెంచింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో దాన్ని 2000 చేసింది. రాష్ట్రం వసూలు చేసే గ్రీన్ ట్యాక్స్ వేరు.

అసలు బరువు ఆలస్య రుసుముది. గడువు దాటిన ప్రతి నెలకూ మోటార్‌సైకిల్‌కు 300 రూపాయల చొప్పున అదనంగా కట్టాలని 2022లో అమల్లోకి వచ్చిన నిబంధనల్లో ఉంది. ఎనిమిదేళ్లు మూలపడ్డ బండికి అదే లెక్క వేస్తే 28,800! స్ప్లెండర్ ఇంజిన్ పని కంటే కాగితం పనికే ఎక్కువయ్యే పరిస్థితి. కాబట్టి మీ బండికి మొత్తం ఎంత పడుతుందో ఆర్టీఏలో ముందే కనుక్కుని, అప్పుడు నిర్ణయించుకోండి. బండి నంబరు కొడితే వివరాలు యాప్‌లో రాకపోతే కంగారు పడొద్దు. పాత రిజిస్ట్రేషన్లు కొన్ని కంప్యూటర్లోకి ఎక్కి ఉండకపోవచ్చు, ఆఫీసుకే వెళ్లాలి.

బండి చనిపోయిన తాతయ్య పేరు మీద ఉంటే వారసుడి పేరుకు మార్చడానికి ఫారం 31 ఉంది. బయట కొంటే 29, 30 ఫారాలు, వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌ఓసీ తప్పనిసరి. ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో ఒక్కో అంకె పోల్చుకోండి. గీకేసినట్టు అనిపిస్తే ఎంత చౌకైనా వదిలేయండి. ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా బండిని మారిస్తే ఒక్కో మార్పుకు 5000 రూపాయల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష కూడా చట్టంలో ఉన్నాయి. రెస్టోరేషన్ అంటే బండిని మొదట ఎలా ఉండేదో అలా చేయడం. హ్యాండిల్ మార్చి, సైలెన్సర్ కోసి, వెనక మడ్‌గార్డ్ పీకేయడం వేరే పని.

'వింటేజ్' అన్న మాటను కూడా అందరూ తేలిగ్గా వాడేస్తుంటారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండే వింటేజ్. నంబర్ ప్లేటులో 'వీఏ' అక్షరాలు వస్తాయి, రోజూ తిరగడానికి వాడకూడదు. మీ స్ప్లెండర్‌కు ఆ హోదా రావడానికి చాలా టైముంది.

కిక్కు కొట్టొద్దు, ఆగండి

ఏళ్ల తరబడి నిలబడిన బండిని చూడగానే అందరూ చేసే పని ఎక్కి కిక్కు కొట్టడం. సిలిండర్ లోపల తుప్పు ఉంటే ఆ దెబ్బకు రింగులు గీసుకుపోతాయి. ముందు స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. తిరిగితే సగం గెలిచినట్టే. ట్యాంకులో పాత పెట్రోలు వంపేయండి, ఇంజిన్ ఆయిల్ మార్చండి, కార్బొరేటర్ విప్పి జెట్లు కడగండి.

ఇక ఇంజిన్ స్టార్ట్ కావాలంటే మూడుండాలి: స్పార్క్, పెట్రోల్, కంప్రెషన్. ఒక్కోటీ విడిగా చూసుకుంటూ పోవాలి. ఈ హాబీలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఈ దశే. ప్లగ్‌ను క్యాప్‌కు తగిలించి, మెటల్ భాగం ఇంజిన్‌కు ఆనించి కిక్కు కొడితే నీలంగా నిప్పురవ్వ కనిపించాలి (చుట్టుపక్కల పెట్రోలు లేకుండా చూసుకోండి). ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు నొక్కి కిక్కు కొడితే గాలి వేలిని తోసేయాలి. తోయలేదంటే కంప్రెషన్ లేదు. కారణం పిస్టన్ రింగులా, వాల్వులా? రంధ్రంలో ఓ చెంచా నూనె పోసి మళ్లీ చూడండి. ఇప్పుడు ఒత్తిడి పెరిగితే నూనె రింగుల సందును మూసిందన్నమాట, తప్పు అక్కడే. పెరగకపోతే వాల్వుల మీద అనుమానం. నిలువు సిలిండర్ ఉన్న బుల్లెట్‌లో ఈ పరీక్ష తేలిగ్గా తేలుతుంది. స్ప్లెండర్‌లో సిలిండర్ దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది కాబట్టి నూనె ఒక పక్కకే జారుతుంది, పూర్తిగా నమ్మలేం.

స్టార్ట్ అయ్యాక కాసేపు నడిపి ప్లగ్ విప్పి చూడండి. లేత గోధుమ రంగుంటే బాగున్నట్టు. మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ వెళ్తోంది, తెల్లబారితే ఇంజిన్ మరీ వేడెక్కుతోంది. టూ స్ట్రోక్ బండి అయితే 2టీ ఆయిల్ లేకుండా ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. పిస్టన్‌కు తడి అందేది దాని నుంచే. లేకపోతే ఇంజిన్ సీజ్ అవుతుంది.

బోర్ అరిగితే లేత్ షాపుకు వెళ్లాల్సిందే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల సిలిండర్ బోర్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు. 0.25, 0.50 మిల్లీమీటర్ల పెద్ద సైజుల్లో పిస్టన్లు దొరుకుతాయి. పని జరుగుతున్నప్పుడు అక్కడే నిలబడి చూడండి, అన్నా అని పలకరించి అడిగితే చాలామంది ఓపిగ్గా చెబుతారు. హైదరాబాద్‌లో స్పేర్ల కోసం పుత్లీబౌలి వెళ్లేటప్పుడు పాత పార్టును జేబులో వేసుకెళ్లండి. పేరు చెప్పి కొంటే ఇంటికొచ్చాక సైజు తేడా వస్తుంది.

రంగు చివర. క్రోమ్ ఇంకా చివర. ముందే ట్యాంకు పెయింట్ చేయించి, ఇంజిన్‌కు డబ్బుల్లేక ఆగిపోయిన బండ్లు లెక్కలేనన్ని. విప్పిన బోల్టులను ఒక్కో భాగానికి ఒక్కో డబ్బాలో వేసి పేరు రాయండి, విప్పే ముందు ఫోన్లో ఫొటో తీయండి. మూడు నెలలు ముక్కలుగా పడి ఉన్న బండిని ఇంట్లోవాళ్లు పాత ఇనుము బండికి వేసేస్తే వాళ్లను తప్పుపట్టలేం. పరీక్షలు, నోటిఫికేషన్లు ఉన్నవాళ్లు వారానికి ఒక పూటే పెట్టుకోండి. నెలకు ఇంత అని అనుకుని, అది అయిపోతే తర్వాతి నెల దాకా ముట్టుకోవద్దు. ఈ పని కోసం అప్పు మాత్రం చేయొద్దు.

ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి

'నాకు బైకులంటే ప్యాషన్ సర్' అన్న జవాబుతో ఎవరూ మారు ప్రశ్న వేయరు. 'కంప్రెషన్ తక్కువుంది, నూనె పోస్తే పెరిగింది, రింగులనుకుని విప్పాను, ఒక రింగు విరిగి ఉంది' అంటే అవతలివాళ్లు కుర్చీలో ముందుకు వంగుతారు. అది ఒక సమస్యను వరసగా విడగొట్టిన తీరు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగానికైనా అదే కావాలి. బీకాం వాళ్లు ఖర్చు లెక్క చూపించొచ్చు: ఎంత అనుకున్నారు, ఎంతయింది, తేడా ఎక్కడొచ్చింది. సైనికాధికారుల ఎంపికకు జరిగే ఎస్‌ఎస్‌బీలో ముందే నింపే ఫారంలో హాబీలు రాయాలి, ఇంటర్వ్యూ అధికారి వాటి మీద లోతుగా అడుగుతారు. ఒక నోట్‌బుక్ పెట్టి తేదీ, తప్పు, చేసిన పని, అయిన ఖర్చు రాసుకుంటూ పోతే అప్పుడు తడుముకోనక్కర్లేదు.

దీన్నే వృత్తిగా అనుకునేవాళ్లకు ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉంది. ఇంజినీరింగ్ విద్యార్థులు బాజా ఎస్‌ఏఈ ఇండియా పోటీల్లో జట్టుగా సొంతంగా వాహనం తయారుచేసి పరుగెత్తించొచ్చు.

రోడ్డెక్కాక

బ్రేక్ షూలు, క్లచ్ కేబుల్, చైన్, వైరింగ్ కొత్తవి కాకుండా రోడ్డెక్కొద్దు. టైరు గీతలు బాగున్నాయని మోసపోవద్దు. పక్కన అచ్చుపోసిన చివరి నాలుగంకెలు చూడండి: 1409 అంటే 2009లో 14వ వారం తయారైంది. అంత పాత రబ్బరు గట్టిపడిపోయి వానలో జారుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు తగ్గట్టు పాత బండి రబ్బరు గొట్టాలు చేసినవి కావు, అవీ మార్చండి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది, కాబట్టి ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిల్వ ఉంచొద్దు. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, హెల్మెట్ సంగతి మీకు తెలిసిందే.

కొత్తగా బోర్ చేసిన ఇంజిన్‌ను మొదటి 500 కిలోమీటర్లు మెత్తగా నడపాలి. ఎక్కువ రేజ్ చేయకుండా, డబుల్స్ ఎక్కించుకోకుండా, మధ్యమధ్యలో ఆపి చల్లారనిస్తూ. ట్రాఫిక్ లేని పొద్దుటిపూట ఊరి చివరి దాకా వెళ్లి రండి. పాత బండి మీద 40లో వెళ్తుంటే ఏ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో వినిపిస్తుంది, చైన్ వదులైనా తెలిసిపోతుంది. తిరిగొచ్చాక బోల్టులన్నీ ఓసారి బిగించి, ఇంజిన్ కింద అట్టముక్క పరచండి. తెల్లారి దాని మీద నూనె చుక్కలుంటే, ఏ చోట పడ్డాయో చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి.