నాన్నగారేం చేస్తారు?

ఇంగ్లీషులో ‘వాట్ డు యు డూ?’ అంటే ‘ఇప్పుడేం చేస్తున్నావు?’ అని కాదు, ‘నీ ఉద్యోగమేమిటి?’ అని. ఈ మర్మం తెలియని కుర్రవాడొకడు ఇంటర్వ్యూలో ‘సిట్టింగ్ సర్’ అన్నాడట. అబద్ధమేముంది పాపం, కూర్చునే ఉన్నాడుగా!

మనవాళ్ళు మాత్రం తక్కువా? కండక్టరు డ్యూటీ ఎక్కుతాడు, డ్యూటీ దిగుతాడు. డ్యూటీ కూడా ఒక బస్సే అన్నట్టు. గుమాస్తాగారిది ముప్ఫయ్యేళ్ళ సర్వీసు. ఎవరికి సేవ చేశారని అడగరాదు. పెళ్ళిచూపుల్లో ‘అబ్బాయి పర్మనెంటేనా?’ అంటారు. ఈ లోకంలో పర్మనెంటు ఎవరండీ?

అసలు ‘ఉద్యోగం’ అంటే పూనిక, ప్రయత్నం. భారతంలోని ఉద్యోగపర్వంలో ఉన్నది యుద్ధ ప్రయత్నమే గాని నెలజీతం కాదు. కాలక్రమాన జీతం లేని ప్రయత్నం ఉద్యోగమనే లెక్కలోంచి జారిపోయింది.

ఆమధ్య మా అనంతపురం కాలేజీలో చేరడానికి ఒక పల్లెటూరి పిల్లవాడు వచ్చాడు. దరఖాస్తులో ‘తండ్రి వృత్తి’ అన్నచోట ఖాళీ.

‘‘మీ నాన్నగారేం చేస్తారు?’’

‘‘ఏమీ చెయ్యడు సార్.’’

‘‘ఒంట్లో బాగుండదా?’’

‘‘అదేం కాదు సార్. ఊరికే... సేద్యం.’’

మా జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలే అడ్డగిస్తాయి. ఈశాన్యపు మేఘాలు మాదాకా వచ్చేసరికి అలిసిపోతాయి. ఆ ఎర్రనేలలో వేరుశనగ విత్తి, ఆకాశంకేసి చూస్తూ కూర్చునేవాడు ‘ఏమీ చెయ్యని’వాడు!

2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మా జిల్లాలోని బండ్లపల్లిలోనే. కుటుంబానికి ఏడాదికి నూరు రోజుల పని అన్నారు. దానితో పల్లెకు ‘జాబ్ కార్డు’ అనే మాట వచ్చింది. మనకు జాబంటే ఉత్తరం. ఆ కార్డు పోస్టుకార్డు కాదని అలవాటు కావడానికి నాకే కొన్నాళ్ళు పట్టింది. ఈ పిల్లవాడి తండ్రికీ ఒక కార్డు ఉండేదట. చెరువులో మట్టి తవ్విన రోజున ఆయనకు ‘జాబ్’ ఉన్నట్టు. తన చేను దున్నుకున్న రోజున లేనట్టు.

వాణ్ణి కోప్పడబోయి ఆగాను. నేను కాలేజీలో చేరిననాడు ఇదే ప్రశ్నకు ఇదే జవాబు చెప్పాను. మా నాన్న వెనకాలే నిలబడి ఉన్నాడు. విననట్టు తలపాగా సర్దుకున్నాడు.

ఇంగ్లీషువాళ్ళు ఆ ప్రశ్నకే ‘ఫర్ ఎ లివింగ్’ అని తోక తగిలిస్తారు. బతుకుతెరువుకేం చేస్తావని. అలా అడిగితే సిగ్గుపడవలసిన రైతెవడూ లేడు.

పిల్లవాడికి నా కలం ఇచ్చాను. ఖాళీలో ‘సేద్యం’ అని రాశాడు. ఈసారి ‘ఊరికే’ అనలేదు.