గత కాన్పులో గాయం – రాబోయే కాన్పుకు సరైన నిర్ణయం

సంతానం దైవప్రసాదమని మన పెద్దల విశ్వాసం. అయితే ఆ ప్రసాదాన్ని అందుకొనే వేళ తల్లి శరీరానికి కలిగే గాయాలను గురించి మన ఇళ్లలో మాట్లాడుకోవడం అరుదు. ప్రసూతి వైద్యురాలిగా నేను చూసిన తల్లులలో కొందరు, మొదటి కాన్పులో తీవ్రమైన చీలిక కలిగినవారు, రెండవసారి గర్భం ధరించగానే ఒకే ప్రశ్న అడిగేవారు: "ఈసారి సహజ ప్రసవమా, సిజేరియనా?" ఈ ప్రశ్నకు అందరికీ వర్తించే సమాధానం లేదు. నిర్ణయానికి ఆధారమయ్యే విషయాలను మాత్రం వివరించగలను.

శిశువు తల వెలుపలికి వచ్చేటప్పుడు యోనికి, మలద్వారానికి నడుమ ఉన్న భాగం కొంత చీలడం సాధారణమే. ఈ చీలికలను వైద్యులు నాలుగు స్థాయులుగా గుర్తిస్తారు. మొదటిది చర్మానికి పరిమితమైనది. రెండవది అడుగున ఉన్న కండరాలకు చేరుతుంది. మూడవది మలద్వారాన్ని బిగించి ఉంచే కండరాన్ని గాయపరుస్తుంది. నాలుగవది మలమార్గపు లోపలి పొరను కూడా చీలుస్తుంది. మొదటి రెండింటి వలన తదుపరి కాన్పు విధానాన్ని సాధారణంగా మార్చనవసరం లేదు. మూడవ, నాలుగవ స్థాయి గాయాల విషయంలోనే ఆలోచన అవసరం.

బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రిషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2015లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, ఇటువంటి గాయాన్ని సరిగా కుట్టిన తరువాత నూటికి 60 నుండి 80 మంది ఏడాది తిరిగేసరికి ఏ ఇబ్బందీ లేకుండా ఉంటారు. తరువాతి సహజ ప్రసవంలో మళ్లీ అటువంటి చీలిక కలిగేది నూటికి 5 నుండి 7 మందికి. కనుక ఏ బాధా లేని తల్లికి సహజ ప్రసవం సముచితమైన మార్గమే. ఇబ్బంది మిగిలి ఉన్నవారికి, లేదా పరీక్షలలో కండరపు లోపం కనిపించినవారికి సిజేరియన్ అవకాశాన్ని వైద్యులు తెలియజేయాలి.

కనుక నిర్ణయమంతా తల్లి చెప్పే మాటపైనే ఆధారపడి ఉంది. అపానవాయువును ఆపుకోలేకపోవడం, మలవిసర్జనకు తొందరపడవలసి రావడం, బట్టలకు మరక అంటడం వంటి బాధలను స్త్రీలు సిగ్గుతో దాచుకొంటారు. మడి దక్కదని ఆలయానికి రావడం, క్యూలో నిలవడం మానుకొన్నవారిని నేనెరుగుదును. ఇది అపవిత్రత కాదు, ఒక కండరానికి తగిలిన గాయం. వైద్యులకు తెలిస్తేనే చికిత్స, సరైన నిర్ణయం సాధ్యం.

సిజేరియన్ మళ్లీ చీలిక కలగకుండా కాపాడగలదు. పూర్వపు గాయాన్ని మాత్రం నయం చేయదు. అది పెద్ద శస్త్రచికిత్స; రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ వంటి ప్రమాదాలు ఉంటాయి. సిజేరియన్ల సంఖ్య పెరిగేకొద్దీ తరువాతి గర్భాలలో మాయ గర్భాశయపు గోడకు లోతుగా అతుక్కొనే ప్రమాదం కూడా పెరుగుతుంది. ఇంకా బిడ్డలు కావాలనుకొనేవారు దీనిని తప్పక ఆలోచించాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారానే జరిగాయి. ఎక్కువమందికి జరుగుతున్నంత మాత్రాన అది చిన్న ఆపరేషన్ కాబోదు.

సహజ ప్రసవాన్ని ఎంచుకొన్నప్పుడు అనుభవజ్ఞులైన వైద్యులున్న ఆసుపత్రిలోనే కాన్పు జరగాలి. శిశువు తల నెమ్మదిగా వెలువడేలా చేతితో ఆధారమివ్వడం, వేడినీటిలో తడిపి పిండిన గుడ్డతో కాపడం పెట్టడం, అవసరమైతేనే ప్రక్కకు కోత పెట్టడం చీలిక ప్రమాదాన్ని తగ్గిస్తాయి.

సిజేరియన్ నిశ్చయమైతే ముహూర్తం చూసే ఆచారం మన ప్రాంతంలో ఉన్నది. తొందరపడవలసిన వైద్య కారణం లేనప్పుడు 39 వారాలు నిండనివ్వాలి. అంతకు ముందే పుట్టిన బిడ్డకు శ్వాస సంబంధమైన ఇబ్బందులు కలుగవచ్చు. వైద్యులు అనుమతించిన రోజులలోనే మంచి ఘడియను ఎంచుకోవాలి.

గర్భం ధరించిన తొలి నెలలలోనే పాత డిశ్చార్జి కాగితాలతో వైద్యులను కలవండి. అత్తగారికీ, అమ్మగారికీ, భర్తకూ నా మనవి ఒక్కటే: గాయపడిన తల్లి మాట ముందుగా వినండి, ఆమె అంగీకారంతోనే నిర్ణయం జరగనివ్వండి. తల్లీబిడ్డలు క్షేమంగా ఇల్లు చేరాలని ప్రార్థిస్తున్నాను.